గాజు గొట్టంలో నీలం

మా ఇంట్లో పొద్దున లేస్తూనే అందరమూ చూసేది దేవుని పటం కాదు, మా ఆయన ఉచ్చ రంగు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు మాది. నేను హిందూపురం నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది యాభైలలో. వచ్చిన కొన్నాళ్ళకే మా ఆయనకు చక్కెర జబ్బని తేలింది. నిండుగా ఉండే మనిషి, చూస్తుండగానే ఎండుపుల్ల అయిపోయినాడు. కుండెడు నీళ్ళు తాగేది, మగ్గం గుంతలోనుంచి లేచి పెరట్లోకి పరుగెత్తేది, మళ్ళా కుండ దగ్గరికే వచ్చేది. పెనుకొండలో ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు, సర్కారు ఉద్యోగం చేసి దిగినాయన. ఆయన చూసి ఇన్సులిన్ సూది మొదలుపెట్టినాడు. "ఇది బతికినన్నాళ్ళూ వేసుకోవల్లప్పా" అని ముఖం మీదే చెప్పేసినాడు.

సూదిమందు సీసా చల్లగా ఉండల్ల కదా, దాన్ని తడి ఇసుకలో దించిన చిన్న కుండలో పెట్టేవాళ్ళం. గాజు సిరంజి రోజూ ఉడకబెట్టేది నా పని. సూది మొండిదైతే మా ఆయన సానరాయి మీద నూరుకునేవాడు. నూరి, వెలుతురులో పట్టుకుని, "చూడు మే, నీ నోటికంటే వాడిగా వచ్చింది" అనేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటాదని పుట్టింట్లోనే పేరు. ఈయనేమో ఎప్పుడు చూసినా నవ్వు మొగం. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది. ఒంటికి రోజూ సూది పొడుచుకునే మనిషి కొంచెమన్నా విసుక్కోవద్దా?

ఇంక రంగు సంగతి. డాక్టరు ఒక సీసాలో నీలం మందు, ఒక గాజు గొట్టం ఇచ్చినాడు. గొట్టంలో కొంచెం మందు పోసి, కొన్ని బొట్లు ఉచ్చ కలిపి, దీపం మీద కాగబెట్టాల. ఉచ్చలో చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటాది. కొంచెం ఉంటే పచ్చగా తిరుగుతాది, ఇంకొంచెం ఉంటే పసుపు, మరీ ఎక్కువుంటే ఇటుక రంగు. ఇంత మంది జనంలో ఈ పరీక్ష వచ్చి వచ్చి ఎవరింట్లో పడిందో చూడండి! మా మామ బతికినన్నాళ్ళూ పట్టునూలుకు రంగులు అద్దిన మనిషి. మా ఆయన పిల్లప్పటినుంచీ ఆ రంగుల కాగుల మధ్యనే పెరిగినాడు. మా అత్త, పోగును వెలుతురుకు పట్టి ఏ రంగు ఎంత పాలు తక్కువైందో చెప్పేస్తుంది. అట్లాంటి వాళ్ళ చేతికి రంగులు మారే గొట్టం ఇస్తే ఊరుకుంటారా?

పొద్దున్నే గొట్టం కాగినాక తల్లీకొడుకులిద్దరూ వాకిట్లోకి పట్టుకుని పోయేవాళ్ళు. "ఇది చిలకపచ్చ కదమ్మా" అని ఆయన. "చిలకపచ్చ యాడిది, గంధం కలిసింది చూడు" అని ఆమె. గంధం కలిసిందంటే ఆ పొద్దు ఆయనకు రాత్రి సంగటి సగమే. పసుపు వస్తే పావు ముద్ద. ఇటుక రంగు వస్తే నన్నొక చూపు చూసేది మా అత్త, ఇటుకలు నేనే కాల్చినట్లు. అదే నీలం వచ్చిందంటే ఇంట్లో పండగ. మా ఆయన గొట్టాన్ని నాకు చూపించి, "ఈ నీలానికి జరీ అంచు వేస్తే ఎట్లుంటాదంటావు?" అనేవాడు. "నా మొగంలాగా ఉంటాది, పోయి కడుక్కోపో" అనేదాన్ని నేను. కానీ లోపల సంతోషమే. నీలమంటే జబ్బు తగ్గినట్లని నేను కూడా నమ్మినా.

మా అత్త గురించి చెప్పల్ల. సన్నగా, పొట్టిగా, మాట తక్కువ మనిషి. రాట్నం ముందర కూచుని కండెలకు పోగు చుడుతుంటే పక్కన పిడుగు పడినా తలెత్తదు. నేను ఒకటంటే పది అనే రకం కాదు ఆమె. నేను పది అంటే ఒకటి కూడా అనదు. అదే నాకు కష్టం. మా మామ కూడా ఈ చక్కెర జబ్బుతోనే పోయినాడు, నేను కోడలిగా రాకముందు. అప్పట్లో వాళ్ళకు సూదీ తెలీదు, మందూ తెలీదు. తీపి తినొద్దని మాత్రం ఎవరో చెప్పినారు. పోయే ముందర ఆయన ఓళిగ, అదే బొబ్బట్టు, కావాలని పసిపిల్లోని మాదిరి అడిగినాడంట. అడిగి అడిగి ఏడిస్తే మనసు ఆగక, ఈమే చేసి, ఈమే తుంచి నోట్లో పెట్టింది. ఆ వారంలోనే ఆయన పోయినాడు. ఆ ఓళిగే ఆయనను తీసుకుపోయిందని, ప్రాణం తన చేతిమీదుగానే పోయిందని మా అత్త మనసులో పడిపోయింది. ఎవరు చెప్పినా అది కదల్లేదు.

అందుకే కొడుక్కు కూడా అదే జబ్బని తెలిసిన పొద్దు ఆమె డాక్టరింటినుంచి నేరుగా పెనుకొండ దర్గాకు నడిచింది. మేము వెనకాల పోయినాము. ఆడ కొంగు చాపి మొక్కుకుంది. నా కొడుకు జబ్బు పోయేదాకా నా ఇంట్లోకి తీపి రాదు, జబ్బు పోయినాక వచ్చి చక్కెర చదివిస్తా సామీ అని. మా ప్రాంతంలో దర్గాలో చక్కెర పెట్టి ఫాతెహా చదివించి పంచడం అన్ని ఇండ్లవాళ్ళూ చేసేదే. మొక్కులో తప్పేమీ లేదు. అయితే ఆ పొద్దే డాక్టరు ఇంకో మాట కూడా చెప్పినాడు. సూది వేసుకునే మనిషికి ఒక్కోసారి చక్కెర మరీ పడిపోతాది, అప్పుడు బిన్నా, ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా తీపి పెట్టల్ల, లేకుంటే ప్రాణానికే మోసం అని. ఆ మాట నేను విన్నా. ఆమె చెవిలో పడలేదు, పడినా లోపలికి పోలేదు.

మొదట్లో దాంతో ఇబ్బంది రాలేదు. చక్కెర పడిపోతే ఆయనకే తెలిసేది. మగ్గం ఆపి, "మే, చెమట పడతాండాది, చేతులు వణుకుతాండాయి" అని కేకేసేవాడు. నేను సంగటి ముద్దో, మజ్జిగన్నమో పట్టుకుని పరిగెత్తేదాన్ని. నాలుగు ముద్దలు లోపలికి పోతే మనిషి కుదురుకునేవాడు. అట్లా వారంలో ఎన్నిసార్లో. పొద్దున గొట్టం మాత్రం నీలం. తిండి తగ్గించేది, నీలం చూసుకునేది, మురిసిపోయేది. ఒక ఏడు అట్లా గడిచింది. రానురాను ఆ కేకలు తగ్గినాయి. చెమట లేదు, వణుకు లేదు, ఆకలి కూడా లేదనేవాడు. జబ్బు పోతాండాదనుకున్నాం అందరమూ. మా అత్త దర్గాకు పోయే దినం కూడా ఆలోచించుకుంది.

ఒకనాడు పొద్దెక్కినాక నేను మజ్జిగ తీసుకుని మగ్గం దగ్గరికి పోయినా. లోపల మగ్గం చప్పుడు ఎప్పటిమాదిరే ఆడుతాండాది, టక్ టక్ అని, ఎక్కడా తడబాటు లేదు. చీర చూస్తే మాత్రం నేత ముందుకు జరగలేదు. వంగి చూసినా. పోగును అటూ ఇటూ మోసే నాడెలో కండె అయిపోయి ఉంది. పోగు లేదు. ఉత్త నాడెను ఈ పక్కనుంచి ఆ పక్కకు విసురుతాండాడు, పలక దగ్గరికి లాగుతాండాడు, కాళ్ళు తొక్కుతాండాడు. మొగంలో అదే నవ్వు.

"ఏమయ్యా, కండె అయిపోయింది, కనపడల్యా?" అన్నా.

"తెలుసు పో" అన్నాడు. స్పష్టంగా అన్నాడు. అని మళ్ళీ విసిరినాడు.

చేయి పట్టుకుంటే ఒక్క తోపు తోసినాడు. ఆయన నన్ను తోయడం అదే మొదలు. చేయి పొడిగా ఉంది, చెమట చుక్క లేదు, వణుకు లేదు. కండ్లు నావైపు ఉండాయి కానీ నన్ను చూడ్డం లేదు. మజ్జిగ తాగమంటే నోరు బిగించినాడు, తల ఒక పక్కకు వాలిపోతాండాది. డాక్టరు చెప్పిన మాట అప్పుడు తగిలింది నాకు. పక్కింటికి పరిగెత్తి బెల్లం గడ్డ అడుక్కుని, చెంబులో నలిపి, నీళ్ళు చేసుకుని వచ్చినా. గుమ్మంలో మా అత్త అడ్డం నిలబడింది.

"అదేంది చెంబులో?"

"బెల్లం నీళ్ళు. పక్కకు జరుగు అత్తా."

"వాన్ని చంపుతావా మే?"

"నువ్వు జరక్కపోతే ఇద్దరమూ కలిసి చంపినట్లయితాది!" అని అరిచి, భుజంతో నెట్టుకుని పోయినా. కొంచెం కొంచెంగా నోట్లో పోస్తే, కొంత కారిపోయింది, కొంత మింగినాడు. ఒక గడియ అయినాక మెల్లగా తలెత్తి, చీర వైపు చూసి, "అయ్యో, కండె మార్చలేదే నేను" అన్నాడు. నేను బావురుమని ఏడ్చినా. ఏం జరిగిందో ఆయనకు ఒక్క ముక్క తెలీదు. నన్ను తోసింది కూడా తెలీదు. మా అత్త అంతా చూసింది. చూసి, "ఈ పొద్దు లేచినాడు. మీ మామ కూడా తిన్న పొద్దు బాగనే ఉన్నాడు" అని రాట్నం దగ్గరికి పోయి కూచుంది. నాకు తల గోడకేసి కొట్టుకోవల్లని అనిపించింది.

మరునాడే ముగ్గురమూ రైలెక్కి పెనుకొండ పోయినాము. డాక్టరు ముందర మా ఆయన గర్వంగా చెప్పుకున్నాడు, రోజూ నీలమే సార్ అని. డాక్టరు మొగం వాడిపోయింది.

"నీలమంటే ఏమనుకుంటాండావప్పా? ఉచ్చలో చక్కెర లేదని, అంతే. నెత్తురులో ఎంతుందో ఆ గొట్టానికి ఏం తెలుసు? నెత్తురులో సరిగ్గా ఉన్నా నీలమే, పాతాళానికి పోయినా నీలమే."

ఇన్నాళ్ళూ ఏ రంగు కోసం ఆ మనిషి కడుపు మాడ్చినామో ఆ రంగే మోసం చేసింది. డాక్టరుకు మామీద జాలేసిందేమో, కుర్చీ దగ్గరికి లాక్కుని నిదానంగా చెప్పినాడు. ఒంట్లో మిగతా భాగాలు కొవ్వో గివ్వో ఏదో ఒకటి కాల్చుకుని బతుకుతాయి, మెదడు మాత్రం దాదాపు చక్కెర మీదనే ఆధారపడింది, దాచిపెట్టుకోను దానికి గాదె కూడా లేదు, నెత్తురు ఎప్పటికప్పుడు తెచ్చి ఇవ్వాల్సిందే అన్నాడు. అందుకని నెత్తురులో చక్కెర ఎంతుందో కనిపెట్టే కణాలు మెదడులోనే ఉంటాయని మా డాక్టర్లు అనుకుంటాండారు, తగ్గిందని తెలిస్తే అక్కడినుంచే హెచ్చరిక లేస్తాది, చెమటా, వణుకూ, గుండెదడా, ఆకలీ అన్నీ ఆ హెచ్చరికే అన్నాడు.

"మరి నాకు ఆ హెచ్చరిక ఏమైంది సార్?" అన్నాడు మా ఆయన.

"మీది రంగుల ఇల్లు కదా. కాగుల దగ్గర కొత్తవాడు నిలబడితే ఘాటుకు ముక్కు మూసుకుంటాడు. నీకు ఆ వాసన తెలుస్తాదా?"

"తెలీదు సార్. పుట్టినప్పటినుంచి అదే కదా."

"ఇదీ అంతే. రోజూ చక్కెర పడిపోనిస్తాంటివి. లోపల వాటికి అదే అలవాటైపాయె. ఇంక ఎంత పడినా ఉలకవు, పలకవు. నీకు తెలిసేలోపల తెలిసే మెదడే ఆగిపోతాది."

పడకుండా కొన్ని నెలలు కాపాడుకుంటే ఆ తెలివిడి మళ్ళా రావచ్చు, కొందరికి రాగా చూసినా, రాకనూ పోవచ్చు అన్నాడు. కడుపునిండా తినమన్నాడు. "కొంచెం పచ్చ కనపడనీ. నీలం చూస్తే నాకు భయం" అన్నాడు. బెల్లం ఎప్పుడూ అందేచోట ఉండల్లని మా అత్త వైపు తిరిగి మరీ చెప్పినాడు.

ఈ మధ్య మా మనవరాలు డాక్టరీ చదువుతా, ఆ కణాల సంగతి నాకు ఇంకా వివరంగా చెప్పింది. మెదడు అడుగున ఆకలీ దప్పికా చూసుకునే చోట అవి ఉంటాయంట. చక్కెర ఆ కణంలోకి పోయి కాలి శక్తిగా మారుతుంది. శక్తి నిండుగా ఉంటే కణం గోడలో ఉండే సన్నని ద్వారాలు మూసుకుంటాయి, అప్పుడా కణం గబగబా కబుర్లు పంపుతుంది. చక్కెర తగ్గితే ద్వారాలు తెరుచుకుంటాయి, కణం మూగపోతుంది. దీనికి సరిగ్గా తిరగబడిన రకం కూడా ఉందంట, చక్కెర తగ్గినప్పుడే లేచి అరిచేది. మాటిమాటికీ తగ్గుతుంటే ఆ అరిచేవి కూడా, ఇంకా ఇంకా కిందికి పోతే తప్ప లేవవంట. మా ఇంటి వాకిట్లో నిలబడి రంగు చూసి మురిసిపోతున్న పొద్దుల్లో ఆయన తలకాయలో అవి ఒకటొకటే నోరు మూసుకుంటా ఉండినాయన్నమాట.

పెనుకొండ నుంచి వచ్చినాక తిండి సంగతిలో మా అత్త ఒప్పుకుంది. నిండు ముద్ద పెట్టింది. గొట్టంలో పచ్చ వస్తే మొగం తిప్పుకునేది కానీ ఏమీ అనేది కాదు. బెల్లం సంగతిలో మాత్రం కొండ మాదిరి కూచుంది. "మొక్కుకున్నా. ఇంట్లోకి రానియ్యను."

"నా కొంగులో ముడేసుకుంటా. నా కొంగు ఇల్లు కాదు కదా అత్తా?" అన్నా.

ఆమె ఆలోచించింది. నిజంగానే కూచుని ఆలోచించింది. "నీ కొంగు నీ ఇష్టం" అని లేచిపోయింది. అప్పటినుంచి నా కొంగులో బెల్లం గడ్డ, దాని వెనకాల చీమలు. మా ఆయనకు ఎగతాళి చేయను ఇంకోటి దొరికింది, "మా ఇంట్లో చీమలు కూడా కోడలినే అత్తగారనుకుంటాండాయి, వెంబడే తిరుగుతాండాయి" అని. నవ్వనీ అనుకున్నా. నేను మాత్రం ఆయన మొగంలో ఆ ఉత్త నవ్వు ఎప్పుడొస్తుందో అని పదిసార్లు పోయి చూసేదాన్ని. పోయినప్పుడల్లా ఏదో ఒకటి అడిగేదాన్ని, ఈ పొద్దు ఏ వారం, మా ఊరు పేరేంది అని. వంకరగా జవాబు చెబితే మనిషి బాగున్నట్లు. సరిగ్గా, ముక్తసరిగా చెబితే నాకు అనుమానం. అట్లా రెండు మూడు సార్లు నా కొంగు ముడి విప్పాల్సి వచ్చింది. ప్రతిసారీ మా అత్త పెరట్లోకి వెళ్ళిపోయేది, చూడలేక.

అట్లుండగా హిందూపురంలో మా అమ్మకు టైఫాయిడ్ అని కబురొచ్చింది. నాయన ఒక్కడే ఉండాడు, చేసేవాళ్ళు లేరు. పోకుండా ఎట్లుండేది? పోతే ఈయనను ఎవరు చూసేది? మా ఆయనేమో, "పోయిరా మే, నాకేమైతాది, బాగనే ఉన్నా కదా" అంటాడు. బాగలేదని ఆయనకు తెలిస్తే కదా చెప్పను! అదే కదా జబ్బు!

బయల్దేరే పొద్దు బెల్లం గడ్డ ఒక గుడ్డలో కట్టి, వీధి అరుగు గోడకుండే గూట్లో పెట్టినా. మా అత్తను చేయి పట్టుకుని పిల్చుకుపోయి చూపించినా. "ఇది ఇంట్లో లేదత్తా, వీధిలో ఉండాది. నీ మొక్కు చెడలేదు. మగ్గం ఆగినా, మనిషి తేడాగా మాట్లాడినా, ఇది నోట్లో పెట్టు. నీకు దండం పెడతా. పెడతానని ఒక్క మాట చెప్పు, పోతా."

ఆమె గూటి వైపు చూసింది. నా వైపు చూసింది. "రైలుకు టయమైతాండాది, పో" అంది.

హిందూపురంలో మా అమ్మకు గంజి పోస్తా, తడిగుడ్డ వేస్తా ఉన్నానే కానీ ప్రాణమంతా ధర్మవరంలోనే ఉండింది. రైలు కూత వినిపిస్తే ఎవరన్నా చెడ్డ కబురు పట్టుకుని దిగుతారేమో అని వాకిట్లోకి వచ్చేదాన్ని. మా అమ్మ ఆ జ్వరంలోనే కనిపెట్టి, "ఏల అంత బెంగ? మీ అత్త ఉండాది కదా ఆడ. కన్నతల్లి చూసుకోదా?" అంది.

"కన్నతల్లి కాబట్టే నా భయం" అన్నా. అమ్మకు అర్థం కాలేదు. ఎట్లా చెప్పేది? వేరేవాళ్ళయితే డాక్టరు చెప్పినాడని పెట్టేస్తారు. ఈమెకు బెల్లమంటే విషం. తన చేత్తో ఒకసారి పెట్టి మొగుణ్ణి పోగొట్టుకున్నాననుకునే మనిషి, అదే చేత్తో కొడుకు నోట్లో ఎట్లా పెడుతుంది? పెట్టదని నా మనసు చెబుతానే ఉండింది. పెట్టకపోతే నేను పోయేసరికి ఏముంటుందో ఆలోచించను కూడా ధైర్యం చాలలేదు.

అమ్మకు జ్వరం దిగి, లేచి కూచోగానే నేను రైలెక్కినా. ధర్మవరం స్టేషన్లో దిగి ఇల్లు చేరేదాకా ఎవరు పలకరించినా ఆగలేదు. మా వీధి మొగదల్లోనే మగ్గం చప్పుడు వినిపించింది. మా ఇంట్లోదే. అయినా నాకు నమ్మకం చాలలేదు. ఉత్త నాడె కూడా అట్లాగే చప్పుడు చేస్తుందని చూసినదాన్ని కదా. లోపలికి పరిగెత్తి గుంత దగ్గర వంగి చూస్తే, పోగు ఆడుతాండాది, చీర జానెడు పెరిగి ఉంది. ఆయన తలెత్తి, "ఏమే, మీ అమ్మను తరిమేసి వచ్చినావా, మిగిల్చినావా?" అన్నాడు. వంకర జవాబు. నా పైప్రాణం కిందికొచ్చింది.

బయటికొచ్చి చూస్తే మా అత్త అరుగు మీద రాట్నం తిప్పుతాండాది. ఎడమ చేత్తో పోగు పట్టుకోను అవస్థ పడుతాండాది. కుడిచేతి చూపుడు వేలికి పసుపు పూసిన గుడ్డ చుట్టి ఉంది. వేలు లావుగా వాచి, గుడ్డ మీద నెత్తురు మరక ఎండిపోయి ఉంది. నేను అడిగేలోపలే లోపలి వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"మొన్న. మగ్గం ఆగింది. పోయి చూస్తే గుంతలో ఒరిగి ఉండాడు. పిలిస్తే పలకల్యా."

"నీళ్ళలో కలిపి పోసినావా?"

"పోస్తే అంతా కారిపాయె. మింగల్యా. బెల్లం వేలికి పూసుకుని చెంప లోపల రుద్దినా. పండ్లు గట్టిగా పట్టుకున్నాడు."

"తీసెయ్యల్ల కదత్తా!"

"తీస్తే మళ్ళా నోరు తెరుస్తాడో లేదో అని తియ్యలేదు మే. లోపలే పెట్టి రుద్దతా ఉంటి. లేచేదాకా."

ఆమె పక్కన కూలబడినా. "భయం కాలేదా?" అని మాత్రం అడిగినా.

"కాకేం. మీ మామ వచ్చి కండ్ల ముందర నిలబడినాడు. పెట్టి చంపేదీ నేనే, పెట్టక చంపేదీ నేనే అయితే, పెట్టి చూస్తా అనుకుంటి." రాట్నం మళ్ళా తిప్పబోయి ఆగింది. "వానికి చెప్పొద్దు. అమ్మను కొరికినా అని తెలిస్తే వానికి ముద్ద దిగదు."

అప్పుడే మగ్గం ఆపి ఆయన నీళ్ళకని బయటికి వచ్చినాడు. వస్తూనే తల్లి చేయి చూసి, "చూడు మే, నువ్వు లేకపోతే మా అమ్మను ఎలుక కొరికింది. నాకు చూపించను కూడా చూపించలేదు" అని ఆమె పక్కన కూచున్నాడు. ఆమె వద్దంటున్నా వినకుండా గుడ్డ విప్పినాడు. వేలిని అరచేతిలో పెట్టుకుని, రంగు చూసేటప్పటి మాదిరి వెలుతురుకు తిప్పినాడు. ఎముక దాకా దిగిన గాట్లు రెండు పక్కలా వరసగా ఉన్నాయి.

"ఎలుక కాదమ్మా ఇది, పందికొక్కు అయింటాది" అన్నాడు. "ఇంత గట్టిగా పట్టిందంటే బాగా ఆకలి మీద ఉండినట్లుంది."

నేను మొగం పక్కకు తిప్పుకున్నా. మా అత్త కొడుకు చేతిలోనుంచి వేలు తీసుకోలేదు.

"అవునప్పా" అంది. "ఆకలి మీద ఉండింది, పాపం."